ఉప్పు లేని కూడు

ఆదెప్ప భార్య అంజనమ్మ చచ్చిపోయిన రోజు కొత్తూరు నుంచి ఒక్క మనిషి రాలేదు. అందరూ లారీ ఎక్కి కృష్ణగిరిలో ఎలక్షన్ మీటింగుకు పోయారు. బిర్యానీ పొట్లాలతో తిరిగి వచ్చారు. ఇందులో అనుమానానికి చోటు లేదు. ఆ లారీ ఆదెప్ప ఇంటి ముందు నుంచే పోయింది. అరుగు మీద శవం ఉంది. లారీలో అంజనమ్మ నేస్తం అంగాళమ్మ ఉంది. ఆమె ఇటు చూసింది. లారీ ఆగలేదు.

ఆ తర్వాత కొత్తూరు వాళ్ళను ఆదెప్ప తన మామిడితోటలో కాలు పెట్టనివ్వలేదు. కాయలు కోయడానికి కుప్పం వైపు నుంచి కూలీలను పిలిపించుకున్నాడు. వాళ్ళు తొడిమ దగ్గర విరిచి, సొన కారించి, సగం కాయలకు మచ్చలు తెచ్చారు. అయినా కొత్తూరును పిలవలేదు. మచ్చల కాయలే బండికెత్తించాడు.

ఇప్పుడు మళ్ళీ ఎలక్షన్ వచ్చింది.

వేప్పనపల్లి దాటి కుప్పం దారిలో ఉన్న బండదొడ్డిలో వంకకు ఈ గట్టున మిట్టవీధి, ఆ గట్టున కొత్తూరు. మిట్టవీధిలో తెలుగు రైతులు. కొత్తూరులో తమిళం మాట్లాడే కూలీలు. వంకలో నీళ్ళు పారి చాలాకాలమైంది. ఆ ఇసుక మీదుగా ఒకరి తోటలోకి ఒకరు, ఒకరి పెళ్ళికి ఒకరు నడిచినంతకాలం అది వంక అని ఎవరికీ గుర్తులేదు. ఈ వేసవిలో దానికి రెండు గట్లున్నాయని అందరికీ తెలిసింది. ఈ గట్టున ఒక జెండా, ఆ గట్టున ఇంకో జెండా కట్టారు.

ఆ గట్టు మైకులో ఈసారి ఒక కొత్త మాట మొదలైంది. వందేరి. ఎక్కడినుంచో వచ్చి చేరినవాళ్ళు అని దాని అర్థం. మిట్టవీధి వాళ్ళు ఈ నేలకు వచ్చి ఎన్ని తరాలైందో లెక్క తెలిసినవాళ్ళు మిట్టవీధిలోనే లేరు. అయినా వాళ్ళకు ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. ఈ గట్టు మైకు జవాబు చెప్పింది. పొట్లం పెడితే ఓటేసేవాళ్ళు, క్వార్టరు చూపిస్తే కొడుకు పేరైనా మార్చేవాళ్ళు అని పాట కట్టింది. ఆ పాట కట్టినవాడు ధనుష్. ఆదెప్ప తమ్ముడి కొడుకు. హోసూరులో ఫ్యాక్టరీ పనికి సెలవు పెట్టి వచ్చి పగలంతా జెండా కట్టిన బైకు మీద తిరుగుతున్నాడు.

ఆ మధ్యాహ్నం బైకు తోట గట్టు దగ్గర ఆగింది. ఆదెప్ప మామిడిచెట్టు మొదట్లో పాదు తీస్తున్నాడు. మట్టి పారకు లొంగడం లేదు. పారను పక్కన పెట్టి గడ్డపారతో పెళ్ళలు లేపి, వాటిని చేత్తో నలిపి, ఎండుటాకులు పరిచి, వాటి మీద బిందెలో నీళ్ళు కొంచెం కొంచెంగా పోశాడు. బోరు గంటకొకసారి దగ్గి నాలుగు బిందెలు ఇస్తోంది. చెట్ల కింద నిమ్మకాయంత పిందెలు రాలి పడి ఉన్నాయి. ఒక్క వాన పడితే కాయ నిలుస్తుంది. పడకపోతే ఈ ఏడు కోతే లేదు.

ధనుష్ బైకు దిగకుండానే మాట్లాడాడు. మిట్టవీధిలో అందరూ ఒక మాట అనుకున్నారట. ఓట్లు అయ్యేదాకా కొత్తూరు వాళ్ళను ఎవరూ పనికి పిలవకూడదట. వాళ్ళకు మన విలువ తెలియాలట.

"నాకు చెప్పాల్సిన పని లేదు," అన్నాడు ఆదెప్ప. "నేను పిలిచి రెండేండ్లయింది."

"అందుకే పెద్దనాయనా, మీటింగులో నీ పేరే చెప్పినా. మగాడంటే ఆయన అని."

ఆదెప్ప బిందె బోర్లించాడు. చివరి చుక్కలు కూడా ఆకుల మీద పడేదాకా పట్టుకున్నాడు. తనను మగాడన్నందుకు సంతోషం ఏమీ కలగలేదు. కానీ మాట నిజమే కాబట్టి కాదనలేదు.

వంక మీది కల్వర్టు పక్కన నాగక్క టీ అంగడి ఉంది. అంగడి ముందు రెండు బెంచీలు. ఇదివరకు అవి ఎదురెదురుగా ఉండేవి. ఒకనాడు వందేరి మాట మీద గ్లాసులు లేచాక, నాగక్క ఒక బెంచీని ఈడ్చి కొత్తూరు వైపు తిప్పింది. ఇప్పుడు రెండు గట్ల వాళ్ళూ ఒకరికొకరు వీపు పెట్టి కూర్చుంటారు. మధ్యలో నాగక్క నిలబడి రెండు వైపులా గ్లాసులు అందిస్తుంది. ఏ పార్టీ అని ఎవరైనా అడిగితే, నాది పాల పార్టీ, నీళ్ళు ఎక్కువైతే రెండు పక్కలా తిట్లు తినే పార్టీ అంటుంది.

మరునాడు ఆదెప్ప టీకి పోయేసరికి మిట్టవీధి బెంచీ మీద ఒకటే మాట. కొత్తూరు ఆడవాళ్ళు శుక్రవారం వానకూడు ఎత్తుతున్నారు. అంగాళమ్మ చెప్పిందట, ఊళ్ళో ప్రతి గడపా తొక్కుతామని.

వానకూడు ఎత్తి చాలా ఏండ్లయింది. ఆడవాళ్ళు కొత్త కుండ పట్టుకుని ఇల్లిల్లూ అడుక్కోవాలి. ఏ ఇంట్లో ఏది వండితే అది, సంగటో గంజో అన్నమో, పిడికెడు వేయాలి. ఆరోజు ఊళ్ళో ఎవరూ కూట్లో ఉప్పు వేయరు. అన్నీ కలిపి వంకలో కూర్చుని, ఊరొదిలి పోతున్నామని ఏడుస్తూ అదే తింటారు. చూడలేక వాన దిగివస్తుందని నమ్మకం. ఒక్క ఇల్లు తప్పినా కుండ కలపకూడదు.

"వాన కోసమంట, వాన," అన్నాడు ధనుష్. "ఓట్లకు మనిండ్లలో దూరేదానికి కొత్త యేసం. ఎవరూ పెట్టొద్దు. ఒకవేళ ఆ కుండ పట్టుకుని కూడు పంచుతా కనపడినారనుకో..." జేబులోంచి ఫోను తీశాడు. ఎలక్షన్ వాళ్ళ యాప్ అట. ఫోటో కొట్టి పంపితే చాలు, స్క్వాడ్ జీపు ఎగురుకుంటూ వస్తుందట.

వెనక బెంచీ నుంచి ఎవరో తమిళంలో అన్నారు, వడుగోళ్ళ, అంటే తెలుగోళ్ళ, మామిడిచెట్లకు కూడా వాన కావాలేమో అడగండి అని. ఈ బెంచీ వాళ్ళు తిరిగి చూడకుండానే బూతు మాటతో జవాబిచ్చారు. నాగక్క మరిగే పాలగిన్నె ఎత్తి పట్టుకుని, ఎవడు లేస్తే వాడి నెత్తిన పోస్తానంది. ఎవరూ లేవలేదు.

ఆదెప్ప తన టీ తాను తాగాడు. తన గడప దగ్గరికి అంగాళమ్మ వస్తే ఏం చేయాలో అతనికి తెలుసు. పోయినసారి వానకూడు ఎత్తినప్పుడు కుండ పట్టింది అంజనమ్మ. పక్కన వేపమండ పట్టుకుని నడిచింది అంగాళమ్మ. ఇద్దరూ ఏడుపు అరువు తెచ్చుకోవాల్సి వచ్చి, మిట్టవీధి మలుపులో ఒకరినొకరు చూసి పకపకా నవ్వారు. కుండ పడిపోతుందని ఆదెప్ప కసిరాడు. ఆ నవ్విన మనిషే లారీలోంచి చూసి పోయింది.

గ్లాసు బెంచీ మీద పెట్టి లేచాడు.

శుక్రవారం పొద్దున ఆదెప్ప పొయ్యి ముట్టించాడు. ఎసరు మరిగాక నూకలు వేశాడు. అవి ఉడికాక రాగిపిండి పోసి మూతపెట్టి, పిండి మధ్యలోంచి బుడగ పైకి వచ్చేదాకా కూర్చున్నాడు. కుండ దించి రెండు పాదాల మధ్య అదిమి తెడ్డుతో కెలికాడు. ఈ పని అతనికి ముసలితనంలో వచ్చింది. మొదట్లో ఉండలు కట్టేది. ఇప్పుడు కట్టదు. చెయ్యి తడి చేసుకుని రెండు ముద్దలు చేశాడు. ఒకటి ఇప్పటికి, ఒకటి మధ్యాహ్నానికి.

ఒక ముద్ద తుంచి నోట్లో పెట్టుకున్నాడు. చప్పగా ఉంది.

ఉప్పుడబ్బా పొయ్యి పక్కన ఎప్పుడూ ఉండే చోటనే ఉంది. చెయ్యి చాస్తే అందుతుంది. రోజూ చెయ్యి దానంతటదే పోయేది. వయసు మీద పడి మతి పోతోందని తనను తానే తిట్టుకున్నాడు. ఊరగాయ నంజుకుని ఆ ముద్ద ముగించాడు. రెండోది పళ్ళెంలో పెట్టి గిన్నె బోర్లించాడు.

పెరట్లో చెయ్యి కడుక్కుంటుంటే వంక వైపు నుంచి ఆడవాళ్ళ పాట వినపడింది. వాళ్ళు మిట్టవీధిలోకి వచ్చేశారు. ముందు తలుపులు ఒక్కొక్కటే మూసుకోవడం వినపడుతోంది. కానీ ఆదెప్ప పెరట్లో ఉన్నాడు కాబట్టి పెరళ్ళు కనపడ్డాయి. కొత్తూరు ఆడపిల్ల ఒకతి చేట పట్టుకుని కంచెల వెంబడి వంగి వంగి, ఒక్కో పెరట్లోంచి కూడు అందుకుంటూ వస్తోంది. పక్కింటి కంచె మీదుగా ఒక చెయ్యి వచ్చి చేటలో ముద్ద వేసింది. ఆ చేతికి పచ్చగాజుల మధ్య ఒక ఎర్రగాజు ఉంది. అది తన తమ్ముడి భార్య వెంకటమ్మ చెయ్యి. ధనుష్ తల్లి.

ఆదెప్ప చూడనట్టు మొహం తిప్పుకున్నాడు. ఆడవాళ్ళకు సిగ్గు లేదనుకున్నాడు.

ముందుకు వచ్చి అరుగు మీద కూర్చునేసరికి వాళ్ళు గడప ముందు ఉన్నారు. కుండ పట్టింది తమిళ్‌సెల్వి, అంగాళమ్మ కోడలు. హోసూరులో సెల్‌ఫోన్ల కంపెనీలో పనికి చేరి ఇంకా ఏడాది కాలేదు. కంపెనీ బస్సు ఎక్కేటప్పుడు వేసుకునే బూట్లు విప్పి, వట్టికాళ్ళతో వచ్చింది. పక్కన అంగాళమ్మ. వేపమండ ఉంది. నడుము కొంచెం వంగింది.

అంగాళమ్మ పాట ఆపింది. ఆదెప్పను చూసింది. రెండేండ్లలో ఇదే మొదటిసారి.

"కూడు పెట్టప్పా," అంది.

"ఈ ఇంట్లో ఆడమనిషి లేదు."

"మగోళ్ళు పెట్టకూడదని యాడా లేదు."

ఆదెప్ప అరుగు మీద పడిన వేపాకును చేత్తో కిందకు నెట్టాడు. ఆమె కదల్లేదు. వెనక ఆడవాళ్ళు చీర కొంగులు సర్దుకున్నారు. ఎదురింటి గోడ చాటున ధనుష్ ఫోను పైకెత్తి పట్టుకుని ఉన్నాడు. ఆదెప్ప అది చూశాడు. అంగాళమ్మ కూడా చూసిందేమో తెలియదు.

"ఒక ఇల్లు తప్పితే కుండ కలపలేము. నీకు తెలుసు," అంది ఆమె. "వంకలో కూసోనుంటాం. పొద్దు మునిగేదాకా."

 వాళ్ళు పోయాక ఆదెప్ప లేచి తలుపు గొళ్ళెం పెట్టాడు.

ఎండ నడినెత్తికి వచ్చాక జీపు వచ్చింది. తెల్లజీపు, అద్దానికి అంటించిన కాగితం, వెనక వీడియో కెమెరా పట్టుకున్న కుర్రవాడు, ఒక కానిస్టేబులు. ముందు సీట్లో దుర్గాదేవి అనే ఆఫీసరు. మామూలు రోజుల్లో ఏదో ఆఫీసులో కూర్చునే మనిషి, ఎలక్షన్ డ్యూటీలో ఎండకు నల్లబడి, గొంతు బొంగురుపోయి ఉంది. జీపు నేరుగా వంకలోకి దిగింది. ధనుష్ బైకు దాని వెనక దిగింది.

మిట్టవీధి మగవాళ్ళంతా గట్టు మీదకు చేరారు. ఆదెప్ప కూడా పోయి ఒక కానుగ చెట్టు నీడలో నిలబడ్డాడు. అవతల గట్టు మీద కొత్తూరు మగవాళ్ళు. మధ్య ఇసుకలో ఆడవాళ్ళు కుండ చుట్టూ కూర్చుని ఉన్నారు. కుండ మూత తీయలేదు.

ఆఫీసరు తమిళంలో అడిగింది. ఓటర్లకు కూడు పంచుతున్నారని ఫిర్యాదు వచ్చిందని, ఇంటింటికీ కుండతో తిరిగిన ఫోటో ఉందని చెప్పింది. ఈ కూడు ఏ పార్టీ ఇచ్చిందో చెప్పమంది. పార్టీ ఇవ్వలేదు, మేమే అడుక్కున్నామని తమిళ్‌సెల్వి చెప్పింది. వానకూడు సంగతి వివరించబోయింది. ఆఫీసరు విన్నది. ఆమె మొహంలో నమ్మకూడదని ఏమీ లేదు. కానీ ఎదురుగా కెమెరా ఉంది, ఫిర్యాదు చేసినవాడు ఉన్నాడు, రెండు గట్ల మీదా జనం ఉన్నారు.

రెండు వీధుల వాళ్ళూ పెట్టిన కూడైతే పేచీ లేదు, వదిలేసి పోతానంది. ఒక వీధిదే అయితే అది పార్టీ కూడే. కుండ తీసుకుపోవాలి. కుండ పట్టినమ్మ మీద కేసు రాయాలి.

కేసు అన్న మాటకు తమిళ్‌సెల్వి కుండను దగ్గరికి లాక్కుంది. పోలీసు కేసు ఉన్నవాళ్ళను కంపెనీ గేటు లోపలికి రానివ్వదు. అది గట్టు మీద అందరికీ తెలుసు. ఆ పిల్ల జీతం మీద ఆ ఇల్లు నడుస్తోందనీ తెలుసు.

"మా వీధిలో ఒక్క మెతుకు ఎవరూ పెట్టలేదు మేడం," అన్నాడు ధనుష్. "తలుపులు మూసినాం. కావాలంటే అడగండి."

ఆఫీసరు గట్టు వైపు చూసింది. మిట్టవీధి మగవాళ్ళు తలలూపారు. వాళ్ళ వెనక ఆడవాళ్ళు నేల చూస్తున్నారు. వెంకటమ్మ కొంగు లాగి గాజులు కప్పుకుంది.

"పెట్టినారు," అంది తమిళ్‌సెల్వి. "ఎవరెవరంటే..."

అంగాళమ్మ కోడలి మణికట్టు పట్టుకుని నొక్కింది. తమిళ్‌సెల్వి ఆగిపోయింది.

"ఎవరమ్మా పెట్టింది, పేర్లు చెప్పు," అని ఆఫీసరు ముసలామెను అడిగింది.

"నేను చూల్లేదమ్మా. నాకు కండ్లు సరిగా ఆనవు."

గట్టు మీద ఎవరో నవ్వారు. చిటారుకొమ్మన ఆకు చాటున ఉన్న కాయను కింద నిలబడి చూపించగల మనిషి అని ఆ నవ్వినవాడికి తెలుసు. ఆమె ఆ నవ్వు విననట్టు కుండ మూత మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుంది. కోడలు ఏడుస్తోంది. ఆమె కోడలి వైపు చూడటం లేదు. గట్టు వైపు అసలే చూడటం లేదు. చూస్తే తన చూపు ఎవరి మీద ఆగుతుందో, ఆ రాత్రి ఏ ఇంట్లో ఎవరు దెబ్బలు తింటారో అని కాబోలు.

ఆదెప్ప కానుగ చెట్టు బెరడును గోటితో గీకాడు. వెంకటమ్మ అని ఒక్క పేరు చెబితే చాలు. ఫిర్యాదు చేసినవాడి తల్లే పెట్టిందని తేలిపోతుంది. జీపు తిరిగి పోతుంది. అంగాళమ్మకు అది తెలియదా? తెలుసు. తెలిసి నోరు మూసుకుంది.

కానిస్టేబులు కుండ ఎత్తడానికి వంగాడు.

ఆదెప్ప వెనక్కి తిరిగి నడిచాడు. మిట్టవీధి మగవాళ్ళు దారి ఇచ్చారు. పెద్దాయనకు ఇది చూడబుద్ధి కాలేదని ఒకడన్నాడు. ఆదెప్ప ఇంటికి పోయి, గొళ్ళెం తీసి, బోర్లించిన గిన్నె ఎత్తాడు. ముద్ద పైన పొర కట్టింది. పళ్ళెం మీద తుండుగుడ్డ కప్పి బయటికి వచ్చాడు. తలుపు వేయడం మర్చిపోయాడు.

ఇసుక కాళ్ళకు చుర్రుమంటోంది. జీపు దాటి, ధనుష్ బైకు దాటి, ఆడవాళ్ళ మధ్యలోంచి పోయి కుండ ముందు నిలబడ్డాడు. కానిస్టేబులు ఇంకా కుండ అంచు పట్టుకునే ఉన్నాడు.

"మూత తీ," అన్నాడు ఆదెప్ప.

అంగాళమ్మ తీసింది. అతడు ముద్దను కుండలో వేశాడు.

ఎవరు మీరు అని ఆఫీసరు అడిగింది. ఆదెప్ప తెలుగులోనే చెప్పాడు. ఆమెకు తెలుగు వచ్చు. ఈ జిల్లాలో పుట్టినవాళ్ళకు అది వేరే నేర్పక్కరలేదు.

"మిట్టవీధి ఆదెప్ప. ఇది నా ఇంటి కూడు. వేసేది ఆలస్యమైంది."

"మీది ఏ పార్టీ?"

"ఈ పిల్లోడి పార్టీ." ధనుష్‌ను చూపించాడు. "ఈ కొత్తూరోళ్ళ గుర్తుకు నా చెయ్యి నరికినా వేయను."

"నీ గుర్తుకు మేమేసేది కూడా లేదులే," అంది అంగాళమ్మ.

కానిస్టేబులు నవ్వి, ఆఫీసరును చూసి ఆపుకున్నాడు. మరి వాళ్ళ కుండలో కూడు ఎందుకు వేశారని ఆమె అడిగింది.

"వాండ్ల కుండ కాదమ్మా, ఊరి కుండ. తిని చూడండి, దాంట్లో ఉప్పుండదు. ఉప్పు లేని కూడు పెట్టి ఓటు అడిగే మొగోడు ఈ జిల్లాలో యాడన్నా ఉంటే చూపించండి."

ఈసారి రెండు గట్ల మీదా నవ్వారు. ధనుష్ మాత్రం నవ్వలేదు. అతని మొహం ఎర్రబడింది.

"మేడం, ఆయన చెప్పేది అబద్ధం. పొద్దున వీండ్లు పోతే ఆయన పెట్టలేదు. నా ఫోటోలో ఉండాది. ఇప్పుడు తెచ్చింది ఆయన తినేదానికి చేసుకున్న సంగటి. కావాలంటే దాన్నే తిని చూడండి. ఉప్పు ఉంటాది."

ఆఫీసరు ఆదెప్పను చూసింది. ఆదెప్ప కుండలోకి చూశాడు. ఆమె వంగి, ఇంకా కలవకుండా పైన ఉన్న ముద్దలోంచి గోరంత తుంచి నోట్లో వేసుకుంది. కెమెరా కుర్రవాడు దగ్గరికి వచ్చాడు. ఆమె నమిలింది. మొహం చిట్లించింది. మింగడానికి కొంచెం సేపు పట్టింది.

"ఉప్పు లేదు," అంది.

ధనుష్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఆఫీసరు కెమెరా వైపు తిరిగి, రెండు వీధుల వాళ్ళూ కలిసి పొద్దున్నే వండి తెచ్చుకున్న మొక్కుబడి కూడు అని, పార్టీలకు సంబంధం లేదని చెప్పి, ఆపమని చెయ్యి ఊపింది. నీళ్ళు ఉంటే ఇవ్వమని తమిళ్‌సెల్విని అడిగింది. తమిళ్‌సెల్వి ఇచ్చిన చెంబు ఎత్తి తాగి, జీపు ఎక్కింది.

ఆదెప్ప అక్కడే నిలబడి ఉన్నాడు. పొద్దున ఉప్పుడబ్బా ఎక్కడుందో గుర్తొచ్చింది. చెయ్యి చాస్తే అందే చోటనే ఉంది. అంగాళమ్మ అతన్నే చూస్తోంది. అతడు మొహం తుండుగుడ్డతో తుడుచుకున్నాడు. ఎండ ఎక్కువగా ఉంది.

ఆమె కుండలో చెయ్యి పెట్టి కలపడం మొదలుపెట్టింది. సంగటి, గంజి, అన్నం, చద్ది ఒకటైపోయాయి. ఎవరి ఇంటిది ఏదో ఇక చెప్పలేరు. ఆడవాళ్ళు ఏడుపుపాట ఎత్తుకున్నారు. ఊరిడిసి పోతాండాము, చెట్టు నీకు, పుట్ట నీకు అని. తమిళ్‌సెల్వికి ఏడుపు అరువు తెచ్చుకోవాల్సిన పని లేకపోయింది.

మిట్టవీధి గట్టు మీద నుంచి వెంకటమ్మ దిగి వచ్చింది. ఎవరినీ చూడకుండా ఆడవాళ్ళలో కూర్చుని చెయ్యి చాపింది. ఎర్రగాజు ఎండలో మెరిసింది. ఆమె వెనక ఇంకొక ఆమె దిగింది. తర్వాత ఇంకొక ఆమె. మగవాళ్ళు పిలిచారు. ఎవరూ తిరిగి చూడలేదు. కాసేపటికి మగవాళ్ళు పిలవడం మానేశారు.

ధనుష్ బైకు మీద ఒక కాలు పెట్టుకుని ఉన్నాడు.

"బండి దిగి రారా," అంది వెంకటమ్మ. "నేను పెట్టింది కూడా దీంట్లోనే ఉండాది."

అతడు చాలాసేపు దిగలేదు. తర్వాత దిగి, చెప్పులు విడిచి, తల్లి వెనక నిలబడి చెయ్యి చాపాడు. ఎదురుగా కొత్తూరు కుర్రవాడు శక్తి అదే పని చేస్తున్నాడు. మైకులో వందేరి మాట మొదలుపెట్టింది అతడే. ఇద్దరూ ఒకే మొహం పెట్టి మింగారు.

"చప్పిడి," అన్నాడు శక్తి తెలుగులో.

"మీ వీధోళ్ళ వంట," అన్నాడు ధనుష్.

ఓట్లు వేసిన రోజు బడి ముందు రెండు వరసలు కట్టారు. మిట్టవీధి తన గుర్తుకే వేసింది. కొత్తూరు తన గుర్తుకే వేసింది. ఎవరూ ఎవరి మనసూ మార్చలేదు. మైకులు ఆగిపోయాయి. ఒక సాయంత్రం కుప్పం వైపు నుంచి మబ్బు వచ్చి మంచి వాన కురిసింది. మా గుర్తుకు వేసినందుకే అని ఒక బెంచీ అంది. మా గుర్తుకే అని రెండో బెంచీ అంది. ఆ మాట అనడానికి రెండు బెంచీల వాళ్ళూ వెనక్కి తిరగాల్సి వచ్చింది. వీపులు నొప్పి పుడతాయని నాగక్క బెంచీని మళ్ళీ ఈడ్చి ఎప్పటిలా వేసింది.

వాన తర్వాత గాలి లేచింది. పచ్చడికాయలు రాలకముందే కోయాలి. ఆదెప్ప కుప్పానికి కబురు పెట్టలేదు. పొద్దున్నే వంక దాటి అంగాళమ్మ ఇంటి ముందు నిలబడి, రేపు తోటకు రండి అని చెప్పి, ఆమె జవాబు వినకుండా తిరిగి వచ్చాడు.

మరునాడు వాళ్ళు వచ్చారు. కుర్రవాళ్ళు కాయ కోసే వలచిక్కాలతో చెట్లెక్కారు. కాయకు తొడిమ ఉంచి కోసి, గుత్తిని కిందకు వదులుతారు. కింద ఇద్దరు గోనెపట్ట కొసలు బిగించి పట్టుకుని, అది నేలను తాకకుండా పట్టాలి. ఆదెప్ప గోనెపట్ట ఒక పక్క పట్టుకున్నాడు. రెండో పక్కకు ఎవరూ రాలేదు. అంగాళమ్మ వేపమండ లేని చేతులతో వచ్చి పట్టుకుంది.

పట్ట మీద మొదటి గుత్తి పడింది. కాయలు ఒకదానికొకటి తగలకుండా ఇద్దరూ కొసలు వదులు చేశారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

"ఆదెప్పా," అంది ఆమె. "ఆ పొద్దు లారీలో నేను..."

"పైకి చూడు. కాయ వస్తాది."

కాయ వచ్చింది. పట్టారు. దించారు.

"ఒక్క మాట చెప్పనీప్పా. నేను డ్రైవరును ఆపమని..."

ఆదెప్ప పట్ట వదల్లేదు. ఆమె కళ్ళలోకి చూశాడు.

"వద్దు. నువ్వు చెప్పొద్దు. నేను అడగను. చచ్చేదాకా ఆ మాట మనిద్దరి మధ్య రాకూడదు."